మెడ పట్టేసి షియాత్సుకు వెళ్దామనుకునేవాళ్లకు

మీరు అడిగింది ఇదీ: టోక్యో నిషికసాయ్‌లో ఉంటున్నారు, ఐదేళ్లుగా ఐటీ ఉద్యోగం, మెడ నుంచి భుజాల దాకా రాయిలా బిగుసుకుపోయింది. ఆఫీసులో జపాన్ వాళ్లు షియాత్సు, అంటే వేళ్లతో నొక్కే ఇక్కడి చికిత్స, చేయించుకోమంటున్నారు. స్టేషన్ బయట చూస్తే గంటకు మూడు వేల యెన్‌ల బోర్డులు నాలుగున్నాయి, వాటిలో ఏది అసలుది? వచ్చే నెల గుంటూరు నుంచి అమ్మగారు వస్తున్నారు, ఆవిడకు షుగరు, రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతున్నారు, ఆవిణ్నీ తీసుకెళ్లొచ్చా?

మీరైతే నిక్షేపంగా వెళ్లొచ్చు. అమ్మగారి సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను.

నేను విజయవాడలో ఫిజియోథెరపీ చదివి ఇక్కడికొచ్చాను. ఆ చదువు ఇక్కడ పనికి రాదన్నారు. మళ్లీ మూడేళ్లు బడికెళ్లి, పరీక్ష రాసి షియాత్సు లైసెన్సు తెచ్చుకున్నాను. పద్నాలుగేళ్లుగా ఇదే పని. నా దగ్గరికొచ్చే మనవాళ్లలో నూటికి తొంభై మంది మీలాంటివాళ్లే. రెండు స్క్రీన్లు, వంగిన మెడ, రైల్లో ఫోను.

ఈ బిగుతుకు జపనీస్‌లో విడిగా ఒక పేరుంది, కతాకొరి. ప్రభుత్వం మూడేళ్లకోసారి జరిపే పెద్ద సర్వేలో జనం చెప్పుకునే బాధల్లో నడుంనొప్పి మొదటిదైతే రెండోది ఇదే, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా. ఎంత మామూలంటే, మదర్స్ డేకి చిన్నపిల్లలు కాగితాలు కత్తిరించి ‘భుజాలు తట్టే టికెట్’ అని రాసి అమ్మకు ఇస్తారు. అమ్మ ఒక టికెట్ ఇస్తే పిల్లాడు వెనక నిలబడి పిడికిళ్లతో ఐదు నిమిషాలు తట్టాలి. మన ఇళ్లలో తాతయ్య బోర్లా పడుకుని ‘వీపు తొక్కరా, అర్ధ రూపాయిస్తా’ అనేవాడే, అదే సంగతి. కాకపోతే వీళ్లు టికెట్ కొడతారు.

ఇక బోర్డుల సంగతి. ఇది తెలియకే చాలామంది దెబ్బ తింటారు.

జపాన్‌లో డబ్బు తీసుకుని అన్మ, మసాజ్, షియాత్సు చేయాలంటే దేశం మొత్తానికి ఒకటే లైసెన్సు, మూడింటికీ కలిపి. కనీసం మూడేళ్ల చదువు, అందులో అనాటమీ, ఫిజియాలజీ, రోగాల పాఠాలు, ఆ తర్వాత జాతీయ పరీక్ష. పాసైతే ఆరోగ్య మంత్రి పేరిట లైసెన్సు వస్తుంది. అన్మ అంటే చైనా నుంచి వచ్చిన పాత పద్ధతి, బట్టల మీంచే పిసుకుతారు, రుద్దుతారు, తడతారు. మసాజ్ మెయిజీ కాలంలో (1868–1912) యూరప్ నుంచి వచ్చింది, ఒంటి మీద నేరుగా చేస్తారు. షియాత్సు అంటే మాటకు మాట వేలి ఒత్తిడి. రుద్దడం ఉండదు, నూనె ఉండదు. నొక్కి, ఆపి, వదలడమే.

స్టేషన్ బయట మీరు చూసిన మూడు వేల యెన్‌ల బోర్డు మళ్లీ ఒకసారి చదవండి. దాని మీద జపనీస్‌లో ‘మసాజ్’ అనీ ‘షియాత్సు’ అనీ చాలావరకు ఉండదు. ‘మొమిహొగుషి’ అనో ‘రిరాకుజేషన్’ అనో ‘బోడీ కేర్’ అనో ఉంటుంది. లైసెన్సు లేనివాళ్లు ఆ మాటలు వాడితే చిక్కు, అందుకే ఈ తప్పించుకునే పేర్లు. ‘సెయితై’ (ఒళ్లు సరిచేయడం) అని రాసి ఉంటే దానికి కూడా ప్రభుత్వ లైసెన్సంటూ లేదు. ‘సెక్కోత్సుయిన్’ అయితే వేరే లైసెన్సు, బెణుకులు, దెబ్బలు చూసేవాళ్లు. రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని పట్టేసిన భుజానికి అక్కడ ఇన్సూరెన్స్ వర్తించదు. ఎవరైనా ‘ఎక్కడో జారిపడ్డానని రాయండి, ఇన్సూరెన్స్‌లో కొట్టేద్దాం’ అంటే లేచి వచ్చేయండి.

చవక షాపుల్లో పనిచేసే పిల్లలందరూ మోసగాళ్లని నేననను. వాళ్లలో మంచి చేతులున్నవాళ్లను చూశాను. కానీ ఎవరి చేతిలో పడతామో ముందు తెలియదు. లైసెన్సు లేనివాళ్ల చేతిలో గాయాలవుతున్నాయని 2017లో ఇక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థే జనాన్ని హెచ్చరించింది. లోపలికి వెళ్లి ‘కొక్కా షికాకు వ అరిమాసు కా’ అని అడగండి, ప్రభుత్వ లైసెన్సు ఉందా అని. ఉన్నవాళ్లు ఆ మాటకు నొచ్చుకోరు, ఫోటో ఉన్న కార్డో గోడ మీది పత్రమో చూపిస్తారు. వీళ్ల దగ్గర గంటకు సుమారు ఐదు నుంచి ఏడు వేల యెన్‌లు అవుతుంది. చవక కాదు, ఒప్పుకుంటాను.

నేను చదువుకునే రోజుల్లో, చేతిలో డబ్బుల్లేక, ఒక చవక షాపుకు వెళ్లాను. ఆ అమ్మాయి మోచేత్తో నా భుజం మీద ఎక్కి కూర్చున్నంత పని చేసింది. ‘బలం సరిపోయిందా’ అని అడిగితే, మన మొహమాటం తెలుసుగా, ‘చాలా బాగుంది’ అన్నాను. మర్నాడు మెడ తిప్పలేకపోయాను. మూడు రోజులు ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూశాను. దీనికీ ఒక పేరుంది, మొమికాయెషి. అతిగా పిసికితే కండరం తిరగబడడం అన్నమాట. ‘అది విషాలు బయటికి పోతున్న గుర్తు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. కండరానికి దెబ్బ తగిలింది, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఎంత గట్టిగా నొక్కితే అంత గుణం అనుకుంటాం మనం. ఈ భ్రమ నాకు పోవడానికి ఒక ఏడాది పట్టింది.

మా బడిలో నాకు నొక్కడం నేర్పిన సెన్సేయ్‌కి పుట్టుకతోనే చూపు లేదు. మొదటిరోజు అందరి దగ్గరికీ వచ్చి ఒక్కొక్కరి భుజాల మీద రెండు అరచేతులూ ఊరికే పెట్టి నిలబడ్డాడు. నొక్కలేదు, కదపలేదు. నా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగి, ‘నువ్వు బ్యాగు ఎప్పుడూ ఎడమవైపే వేసుకుంటావు కదా’ అన్నాడు. నిజమే. తర్వాత తన భుజం నొక్కమన్నాడు. నేను ఫిజియో చదివినదాన్నన్న ధీమాతో, బొటనవేళ్లు తెల్లబడేలా నొక్కాను. ఆయన నవ్వి, ‘ఎవరి మీద కోపం?’ అని అడిగాడు. నా మోచేతులు నిటారుగా చేసి, నడుం పట్టుకుని నన్ను ముందుకు వంచి, ‘నొక్కకు, వాలు’ అన్నాడు. గోడకు ఆనుకున్నట్టు వాలాను. ఈసారి వేలు దానంతటదే లోపలికి దిగింది. ‘ఇప్పుడు ఆగు’ అన్నాడు. రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేలోగా వేలి కింద గట్టిగా ఉన్నది మెల్లగా చోటిచ్చింది. వెన్నలో కత్తి దిగినట్టు కాదు, తడిసిన బెల్లం ముద్ద మీద వేలు పెట్టినట్టు. ఆ తేడా అప్పుడు తెలిసింది.

దీనికి మంత్రమేం అక్కర్లేదు. చటుక్కున గట్టిగా నొక్కితే కండరం తనను కాపాడుకోవడానికి ఎదురు బిగుసుకుంటుంది. వేలి గుజ్జుతో, ఒంటికి లంబంగా, మెల్లగా బరువు దింపి మూడు నుంచి ఐదు సెకన్లు నిలిపి, అంతే మెల్లగా తీస్తే బిగుసుకునే అవసరం రాదు. ఇక్కడి బడుల్లో షియాత్సుకు మూడు సూత్రాలు చెబుతారు: లంబంగా నొక్కడం, నిలకడగా ఉంచడం, ధ్యాసంతా అక్కడే పెట్టడం. మూడోది వినడానికి ఉపన్యాసంలా ఉంటుంది గానీ, చేసేవాళ్లు గోడ గడియారం వైపు చూస్తే పడుకున్నవాళ్లకు తెలిసిపోతుంది. మీకూ తెలుస్తుంది, చూడండి.

ఈ పద్ధతికి ఈ రూపం ఇచ్చినవాడు నమికోషి తొకుజిరో. 1905లో షికొకు దీవిలోని కగావాలో పుట్టాడు. ఏడేళ్ల వయసులో కుటుంబం హొక్కైదోకు వలస వెళ్లింది. అక్కడి చలికి తల్లికి కీళ్లనొప్పులు పట్టుకున్నాయి. దగ్గర్లో వైద్యుడు లేడు. పిల్లలు వంతులేసుకుని అమ్మ ఒళ్లు పట్టేవారు, ఈ పిల్లాడి చేయే హాయిగా ఉందని తల్లి అనేదట. రుద్దడం తగ్గించి, చల్లగా, గట్టిగా తగిలినచోట నొక్కడం వాడు అలా నేర్చుకున్నాడు. 1925లో హొక్కైదోలోనే మురొరాన్‌లో చికిత్సాలయం తెరిచాడు, 1940లో టోక్యోలో బడి పెట్టాడు. 1954లో మార్లిన్ మన్రో జపాన్ వచ్చినప్పుడు ఆమెకు షియాత్సు చేసింది ఈయనే. ‘షియాత్సు మనసు అమ్మ మనసు, నొక్కితే ప్రాణపు ఊట ఊరుతుంది’ అన్నది ఆయన మాట. 1955లో చట్టంలోకి షియాత్సు పేరు ఎక్కింది.

ఆయన బడిలోనే పాఠాలు చెప్పి, తర్వాత వేరుపడినవాడు మసునాగ షిజుతో. సైకాలజీ చదివినవాడు. పొట్ట మీద చేయి పెట్టి ఒంట్లో ఎక్కడ లోటుంది, ఎక్కడ పొంగుంది అని చూడటం, ఒంట్లో శక్తి ప్రవహించే దారులని చెప్పే నాడుల వెంట పనిచేయడం ఆయన పద్ధతి. యూరప్, అమెరికాల్లో షియాత్సు పేరిట ఎక్కువగా పాకింది ఇదే. అందుకే లండన్‌లో చేయించుకున్న మీ స్నేహితుడు చెప్పేదీ ఇక్కడ మీకు జరిగేదీ ఒకటి కాకపోవచ్చు. ఇంక హైదరాబాద్ స్పాల మెనూలో కనబడే ‘షియాత్సు’ అయితే, అక్కడ చేసేవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో అడిగి తెలుసుకోవాల్సిందే. మాల్‌లో కుర్చీ మీద కూడా అదే పేరు రాసి ఉంటుంది!

మా సెన్సేయ్‌లాంటివాళ్లు ఈ వృత్తిలో ఇంతమంది ఎందుకున్నారో చెప్పకుండా ఉండలేను. అన్మ ఇక్కడ పాతది, 701 నాటి చట్టాల్లోనే రాజాస్థానంలో అన్మ నేర్పే గురువుల పదవి ఉంది. ఎడో కాలంలో, పదిహేడో శతాబ్దంలో, సుగియామ వాయిచి అనే అంధుడైన సూది వైద్యుడు అప్పటి సైనిక పాలకుడు షోగున్ త్సునాయోషి ఆదరణతో చూపులేనివాళ్లకు సూది వైద్యం, అన్మ నేర్పే బడులు పెట్టాడు. అప్పటినుంచి అది వాళ్ల బతుకుతెరువయింది. రాత్రిళ్లు చిన్న పిల్లంగోవి ఊదుకుంటూ వీధుల్లో వెళ్లేవారు, ఆ కూత విని ఇళ్లవాళ్లు లోపలికి పిలిచేవారు. యుద్ధం అయ్యాక 1947లో అమెరికా సైనిక పాలన ఈ వృత్తులన్నీ ఎత్తేయాలని చూస్తే, చూపులేనివాళ్లు పెద్దఎత్తున పోరాడారు. ఆ ఏడాది చివర్లోనే లైసెన్సు చట్టం వచ్చింది. వాళ్ల జీవనోపాధి దెబ్బతినకుండా, చూపున్నవాళ్ల కోసం కొత్త బడులు తెరవడాన్ని ప్రభుత్వం ఆపొచ్చని తర్వాత 1964లో ఆ చట్టంలో ఒక నిబంధన చేరింది. అది రాజ్యాంగబద్ధమేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. నాబోటి వాళ్లకు సీట్లు తక్కువ దొరకడానికి అదీ ఒక కారణం. నాకేం ఫిర్యాదు లేదు.

సరే, లోపలికి వెళ్లాక ఏం జరుగుతుంది? ముందు ఒక కాగితం నింపిస్తారు, జబ్బులు, మందులు, ఎక్కడ బాధ అని. దాచకుండా రాయండి. వదులు బట్టలు వాళ్లే ఇస్తారు, మార్చుకుంటారు. పరుపు మీదో బల్ల మీదో బోర్లా లేదా పక్కకు తిరిగి పడుకోబెడతారు. మెడ మీద నేరుగా వేలు తగలకుండా పల్చటి నూలు గుడ్డ వేస్తారు. భుజం బాధకని వెళ్తే నడుం, కాళ్లు కూడా నొక్కుతారు, ‘నా బాధ ఇక్కడ కదా’ అని కంగారు పడకండి. మధ్యలో బలం ఎలా ఉందని అడుగుతారు. నేను చేసిన తప్పు మీరు చేయకండి. మెల్లగా కావాలంటే ‘యోవామే దె ఒనెగాయ్‌షిమాసు’, సరిగ్గా ఉంటే ‘చోదో ఈ దెసు’, నొప్పెడితే ‘ఇతై దెసు’. ఈ మూడూ చాలు. నొప్పీ హాయీ కలిసిన ఒక స్థితి ఉంటుంది, జపనీస్‌లో ‘ఇతాకిమోచీ’ అంటారు. అక్కడిదాకా పర్వాలేదు. ఊపిరి బిగపట్టారంటే గీత దాటినట్టే.

ఎవరైనా తల పట్టుకుని చటుక్కున తిప్పబోతే వద్దనండి. అది షియాత్సు కాదు. మన ఊళ్లో కటింగ్ అయ్యాక తల మర్దన చేసి చివర్లో మెడ టక్కుమనిపిస్తారే, అది కూడా మానేయండి. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళాలు చిరిగిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అరుదే, కానీ ఆ టక్కుమనే చప్పుడు కోసం పెట్టాల్సిన పందెం కాదు.

గుణం మాటకొస్తే, ఉన్నదున్నట్టు చెబుతాను. ఒళ్లు వదులవుతుంది, ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది, కొన్ని రోజులు మెడ తేలిగ్గా ఉంటుంది. టెన్షన్‌తో వచ్చే తలనొప్పి కొందరికి తగ్గుతుంది. డిస్క్ జారినది లోపలికి వెళ్లదు, షుగరు తగ్గదు, కొవ్వు కరగదు. త్సుబో అని పిలిచే బిందువులు, వాటిని కలిపే నాడులు పరీక్షకు మేమూ బట్టీ పట్టాం, పని చేసేటప్పుడు గుర్తులుగా వాడుకుంటాం. శరీరం కోసి చూస్తే మాత్రం ఆ నాడులు కనబడవు. శాస్త్రీయ పరీక్షలు జరిగినవీ తక్కువే. మీ కుర్చీ, స్క్రీను ఎత్తు మారకపోతే నా దగ్గరికి ప్రతి నెలా వస్తూనే ఉంటారు. నాకు లాభమే అనుకోండి.

చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పి కప్పు జారిపోతున్నా, రాత్రి నిద్రలేపే నొప్పయినా, జ్వరం ఉన్నా ముందు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇక్కడ ‘సెయ్‌కేయ్ గేకా’ అంటారు. మెట్లెక్కితే ఎడమ భుజం, ఛాతీ పట్టేసినట్టుంటే అది కతాకొరి అనుకోకండి, గుండె చూపించుకోవాలి.

ఇక అమ్మగారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు మామూలు ఒత్తిడికే కమిలి నల్లమచ్చలు పడతాయి. షుగరు చాలా ఏళ్లుగా ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గి, ఎంత గట్టిగా నొక్కుతున్నారో ఆవిడకే తెలియదు, ‘బాగానే ఉందమ్మా’ అంటూ ఉంటారు. ఆ వయసు ఆడవాళ్లలో ఎముకలు కూడా గుల్లబారి ఉండొచ్చు, బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు వేస్తే పక్కటెముక విరిగే ప్రమాదముంది. అన్నిటికంటే ముఖ్యం, ఆవిడ అంతదూరం విమానంలో కూర్చుని వస్తారు. దిగాక ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఎవరూ ఆ కాలు పట్టకూడదు, మీరూ పట్టకూడదు. గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. నేరుగా ఆసుపత్రికి. అలాంటిదేమీ లేకపోతే, ఆవిడ డాక్టరును ఒక మాట అడిగి, మందుల చీటీ జపనీస్‌లో రాయించుకుని, లైసెన్సున్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. పక్కకు తిరిగి పడుకుని, అరచేత్తో మాత్రమే, ముప్పై నిమిషాలు. స్టేషన్ బయటి షాపులకు మాత్రం వద్దు.

ఇంట్లో మీరు చేసుకోగలిగింది ఒకటి చెబుతాను. తల వంచితే మెడ అడుగున పెద్ద ఎముక తగులుతుంది. అక్కడికీ భుజం కొసకూ సరిగ్గా మధ్యలో కండరం పైన కుడిచేతి మూడు వేళ్లు ఎడమ భుజానికి వేసి, చేతి బరువు కిందికి వేలాడనివ్వండి. ఊపిరి వదులుతూ ఐదు లెక్కపెట్టి, మెల్లగా తీయండి. ఇటు నాలుగుసార్లు, అటు నాలుగుసార్లు. రాత్రి స్నానం తొట్టిలో 40 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు కూర్చుని, లేచాక చేస్తే ఇంకా మేలు. గర్భిణులు ఈ చోటు నొక్కకూడదని మాకు నేర్పుతారు, ఇంట్లో ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకోండి. మెడ ముందువైపు మాత్రం మీ అంతట మీరు నొక్కకండి, అక్కడ కొట్టుకునేది పెద్ద రక్తనాళం.

డబ్బు దగ్గర ఆగుతున్నారేమో, ఒక దారుంది. ఇక్కడి కొన్ని పెద్ద కంపెనీలు చూపులేని లైసెన్సుదారులను ఆఫీసులోనే ఉద్యోగంలో పెట్టుకుంటాయి, ‘హెల్త్ కీపర్’ అంటారు. వికలాంగులకు ఇంత శాతం ఉద్యోగాలివ్వాలని చట్టం ఉంది, 2024 ఏప్రిల్‌లో దాన్ని రెండున్నర శాతం చేశారు. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల నామమాత్రపు రుసుము. మన పిల్లలు చాలామందికి తమ ఆఫీసు పై అంతస్తులో అలాంటి గది ఉందనే తెలియదు. రేపు హెచ్‌ఆర్‌ను అడగండి. ఉంటే సోమవారం పొద్దున్నే బుక్ చేసుకోండి, శుక్రవారం సాయంత్రం స్లాట్లు ముందే అయిపోతాయి.